ఖస్ ఒకటా రెండా

పోయిన నెల మా పెన్షనర్ల సంఘం వాళ్ళు శ్రీలంక యాత్రకు పేర్లు రాసుకుంటే నేనూ నా భార్యా కూడా రాయించాం. యాత్ర నడిపించే అబ్బాయి వారం ముందే ఫోనుకు ఒక బొమ్మల కాగితం పంపాడు. విమానంలో తీసుకుపోకూడని వస్తువులన్నీ అందులో వరసగా ఉన్నాయి: కత్తెర, అగ్గిపెట్టె, నూనె సీసా. ఒక్కో బొమ్మ మీద అడ్డంగా ఎర్ర గీత. చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. నా భార్య ఒక్క చూపు చూసి, "ఇంతేనా" అని సూట్‌కేసు మూసేసింది. నేను మాత్రం చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. మా అక్క సౌదీకి పోయిన వేసవిలో ఎవరైనా ఇలా బొమ్మ వేసి చూపించి ఉంటే మా ఇంట్లో అంత గొడవ జరిగేది కాదు. మా నాయన ఏళ్ళ తరబడి నమ్ముకున్న ఒక సంగతి కూడా చెడకుండా ఉండేది.

చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు ఉంది. వాన పడిందా లేదా, బస్సు ఎంత ఆలస్యంగా వచ్చింది, ఇంటికి ఎవరొచ్చారు, ఏం తిన్నాం, అన్నీ రాస్తాను. అయినా ఆ వేసవి పుటలు తిరగేస్తే "అక్క ప్రయాణపు పనులు" అన్న మాట తప్ప ఇంకేమీ కనిపించదు. నాయన చేతికి చిక్కేచోట ఏ సంగతీ రాయకూడదని అప్పటికే నేర్చుకున్నాను. ఆయన నా డైరీ చదివేవాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కనక ఇప్పుడు చెప్పేదంతా జ్ఞాపకం నుంచే చెబుతున్నాను.

మాది వడమాలపేట. పుత్తూరు పోయే రోడ్డు పక్కనే ఇల్లు. నాయన ఉద్యోగమంతా తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టుల్లో గడిచింది. లారీ ఆపడం, బిల్లు అడగడం, బస్తాలో బోలు చువ్వ గుచ్చి లోపలి సరుకు అరచేతిలోకి రాల్చి చూడడం, బిల్లూ సరుకూ ఒకటే అయితే లారీ వెనక పలకమీద సుద్దముక్కతో ఒక గీత గీసి పంపడం. ఇదే ఆయనకు తెలిసిన లోకం. పైన ఉల్లిపాయలు, అడుగున గంధపు చెక్క. పైన గడ్డి, అడుగున బియ్యం. అన్నేళ్ళు అవే చూసిన మనిషికి ఇంటికొచ్చినంత మాత్రాన కళ్ళు మారవు. పాలవాడి చెంబు వంచి చూసేవాడు. పండగకు కొత్త చొక్కా కుట్టిస్తే లోపలి కుట్లు తిరగేసి చూసేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వాళ్ళు వెళ్ళిపోయాక "వీడికి మనతో ఏం పని పడిందో" అనేవాడు. రిటైరయినప్పుడు ఆ చువ్వను ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని దేవుడి గూడు పక్కన మేకుకు తగిలించాడు.

ఆయన అనుమానం చేరని చోటు ఒకటే ఉండేది. అది అమ్మ వంటిల్లు. అమ్మ ఏం పెడితే అది తినేవాడు, తిన్నది మెచ్చుకునేవాడు. ఆదివారం మాంసం కూర వండితే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "గసాలు బాగా పడినాయి" అనేవాడు. గసగసాలను మా వైపు గసాలంటారు. కూరకు చిక్కదనం వాటివల్లే వస్తుందని ఆయన నమ్మకం. ఈ మాట వినని ఆదివారం నాకు గుర్తు లేదు. అమ్మ ఏమీ అనేది కాదు, ఇంకో గరిటె వడ్డించేది.

మా సుగుణక్క తిరుపతిలో ఒక నర్సింగ్ హోములో నర్సుగా చేసేది. సౌదీలో ఒక ఆసుపత్రికి నర్సులను తీసుకుంటున్నారని తెలిసి, ఇంట్లో చెప్పకుండా అర్జీ పెట్టి, పని దొరికాక చెప్పింది. నాయన నమ్మలేదు. ఆసుపత్రి ఉందో లేదో, పని నర్సు పనో ఇంటి పనో, ఏజెంటు అసలు మనిషో కాదో తేల్చుకోవాలని తానే అక్కను వెంటబెట్టుకుని మద్రాసు వెళ్ళాడు. ఏజెంటు కచేరీలో వాళ్ళతో మాట్లాడినవాడు బొంబాయి మనిషి. హిందీ తప్ప మరొకటి రాదు. నాయనకు లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ ఉంది, దాని మీద గర్వమూ ఉంది. ఆ మనిషి కాగితాలన్నీ చూపించి, చివరికి వేలు ఆడిస్తూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడట. ఖస్‌ఖస్ తీసుకుపోకూడదు, ఒక్క చిటికెడు దొరికినా జైలే, ఏ రాయబారీ విడిపించలేడు. అక్క ఆ మాటకు అర్థం అడగబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టి, "నాకు తెలుసు" అన్నాడట.

ఆయన ఇంటికొచ్చి చేసిన మొదటి పని వట్టివేళ్ళ వేట. ఎండాకాలంలో చెక్‌పోస్టు ఆఫీసరు గది కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. వాటిని ఉత్తరాది డ్రైవర్లు ఖస్ తడికెలు అనేవాళ్ళు. కనక ఖస్‌ఖస్ అంటే వట్టివేళ్ళే. ఒకసారి చాలదని రెండుసార్లు అంటారు, అంతే అన్నాడు. వట్టివేళ్ళు తీసుకుపోతే జైలెందుకని నేను అడిగాను. ఆ వేళ్ళ కట్టల మధ్యలో బంగారు తీగ పెట్టి చుట్టి తెస్తారని, అందుకే ఆ ప్రభుత్వం మొత్తానికే ఆపేసిందని అప్పటికప్పుడు ఒక కారణం చెప్పాడు. ఆ కారణం ఆయనకే ఎంతో నచ్చింది. మర్నాటికల్లా దాన్ని కళ్ళతో చూసినట్టు చెప్పసాగాడు. చీరల పెట్టెలో అమ్మ వేసుకున్న వేళ్ళు బయటికి పోయాయి. మంచినీళ్ళ కుండలోని వేళ్ళ ముడి పోయింది. అక్క చీరలన్నీ దులిపి ఎండలో వేసి, వాసన పోయిందో లేదో ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

ఇంతలో పొట్లాలు రావడం మొదలైంది. అప్పట్లో ఎవరైనా ఆ దేశాలకు పోతున్నారంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిపోయేది. తమ వాళ్ళు ఆడ ఎక్కడో ఉన్నారని, ఈ కాస్త ఇవ్వమని ఎవరో ఒకరు సంచి పట్టుకుని వచ్చేవాళ్ళు. నిమ్మకాయ ఊరగాయ, మురుకులు, చింతపండు, పిల్ల గౌను. నాయన అరుగు మీద చాప పరిచి, చువ్వ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. ఊరగాయ జాడీలో చువ్వ అడుగుదాకా దించి తిప్పేవాడు. సబ్బును సగానికి కోసేవాడు. తినే వస్తువైతే తెచ్చినవాళ్ళు ఆయన ముందే ఒకటి తినాలి. తిన్నాక వాళ్ళను కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముఖం చూసేవాడు. అన్నీ సరిపోతే పొట్లం మీద సుద్దముక్కతో గీత గీసేవాడు.

కార్వేటినగరం నుంచి మా అత్త, అంటే నాయన చెల్లెలు, తన భర్త అక్క కొడుక్కు కజ్జికాయలు తెచ్చింది. నాయన ఒకటి విరిచి ఆమె చేతిలో పెట్టాడు. అత్త దాన్ని చూసి, ఆయనను చూసింది.

"ఏమన్నా, నేనేమన్నా నీ లారీ డైవర్నా?"

"డైవర్లే మేలు" అన్నాడు నాయన. "వాండ్లు అడిగితే బిల్లు సూపిస్తారు. తిను."

అత్త తింది. నీళ్ళు తాగకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఎదురింటి నూర్జహాన్ మాకు నూరక్క. కొబ్బరి నూనెలో వట్టివేళ్ళు, మెంతులు వేసి కాచి, చల్లార్చి, వడగట్టి, అక్క తలకని ఒక సీసా తెచ్చి ఇచ్చింది. ఆమె ఎప్పుడూ కాచే నూనే. అక్క చిన్నప్పటి నుంచీ రాసుకున్న నూనే. నాయన మూత తీసి వాసన చూసి సీసా పక్కన పెట్టుకున్నాడు. ఆమె వెళ్ళాక మాత్రం, ఖస్ సంగతి ఊరంతా తెలిశాక కూడా ఈమె ఇదే ఎందుకు తెచ్చిందో ఆలోచించమన్నాడు. అక్క పోవడం ఈ వీధిలో ఎవరికి ఇష్టం లేదో కనుక్కోవాలన్నాడు. అమ్మ "పాపం రాదా మీకు" అంది. ఆయన సీసా నా చేతికిచ్చి వాళ్ళ అరుగు మీద పెట్టి రమ్మన్నాడు. నేను పెట్టి వచ్చాను. నిజం చెప్పాలంటే, ఆ ఎండలో వీధి దాటుతూ నేను కూడా నూరక్క ఎందుకు తెచ్చిందా అని ఒక్క క్షణం ఆలోచించాను. అనుమానం ఉన్న ఇంట్లో పెరిగితే అది చెమట వాసనలా ఒంటికి పడుతుంది.

ప్రయాణం రేపనగా, మధ్యాహ్నం అన్నాలయ్యాక నూరక్క సీసాతో సహా వచ్చింది. లోపలికి రాలేదు, అరుగు కింద నిలబడింది.

"అన్నా, నా నూనెలో ఏం తప్పు ఉండాదని ఎనక్కి పంపినారు?"

నాయన చెప్పాడు. ఖస్‌ఖస్ పోకూడదు, పోతే జైలు, ఇది ప్రభుత్వం మాట, ఆయన మాట కాదు. నూరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఖస్ అంటే వట్టివేళ్ళే అన్నా. ఖస్‌ఖస్ అంటే మా ఇండ్లల్లో గసాలు. ఒక ఖస్ అయితే ఏర్లు, రెండు ఖస్‌లయితే నల్లమందు చెట్టు గింజలు. మీకెవురూ చెప్పలేదా?"

నాయన వెంటనే నమ్మలేదు. నూనె పంపడం కోసం ఈమె మాట మారుస్తోందన్నట్టు కళ్ళు చిన్నవి చేసి చూశాడు. తర్వాత ఆ చూపు ఆమె మీదినుంచి చువ్వ మీదికి పోయింది. ఏళ్ళ కిందట రాజస్థాన్ లారీలు తెచ్చిన బస్తాలు, వాటి బిల్లుల మీద ఖస్‌ఖస్ అన్న మాట ఆయనకు గుర్తొచ్చాయి. ఆ బస్తాల్లో చువ్వ గుచ్చితే అరచేతిలోకి జారింది వేళ్ళు కాదు, ఆవగింజ కన్నా చిన్న తెల్లటి గింజలు. ఈ సంగతి ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం కండువాతో ముఖం తుడుచుకుని, "గసాలా" అన్నాడు.

ఆ తర్వాత ఇల్లు కూలిపోయినట్టయింది. సర్ది, తాడు కట్టి, ముందు శెట్టి అంగడి కాటా మీదా, దాన్ని నమ్మక మళ్ళీ బియ్యం మిల్లు కాటా మీదా తూచి పెట్టిన సూట్‌కేసు నడవలో విప్పారు. సుద్దగీత పడ్డ పొట్లాలన్నీ మళ్ళీ చాప మీదికి వచ్చాయి. అత్త కజ్జికాయల్లో కొబ్బరితో పాటు గసాలు ఉండే ఉంటాయి. ఆమె ముందే ఒకటి విరిచి లోపల చూసి కూడా, వెతికేది అది కాదు గనక ఆయన వదిలేశాడు. ఎవరి మసాలాలో ఏముందో అడగడానికి టైము లేదు. అడిగినా చెప్పేది నిజమని నమ్మేదెట్లా? తినేవన్నీ పక్కకు తీసెయ్యమన్నాడు. అక్క ఒక్కొక్కటే తీసి పెడుతూ పోయింది. ఒక్క చిటికెడు చాలు, ఆ దేశంలో మన మాట వినేవాడుండడని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. అప్పటికి ఆయన గొంతులో గర్వం లేదు, భయం ఉంది.

చివరికి అమ్మ కూరపొడి డబ్బా మిగిలింది. ధనియాలు, ఎండుమిరపకాయలు, చెక్క, లవంగం, ఇంకా ఏవేవో వేయించి, రోట్లో దంచి, జల్లించి, స్టీలు డబ్బాలో అదిమి పెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టింది. రెండు రోజులు ఇల్లంతా ఆ ఘాటే. అక్క చదువుకునేటప్పుడు హాస్టల్ కూడు పడక చిక్కి సగమయింది. అందుకని అమ్మకు ఈ ప్రయాణంలో ఉన్న పని ఈ డబ్బా ఒక్కటే. చదువు నాయన చెప్పించాడు, కాగితాలు ఏజెంటు చూశాడు, నా బిడ్డకు నేనిచ్చేది ఈ పొడే అని రోకలి దించి ఎత్తుతూ ఆమె అనడం నేను విన్నాను. నాయన డబ్బా కోసం చెయ్యి చాపాడు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది.

"దీంట్లో గసాలు లేవు" అంది.

"లేకుండా ఎట్లుంటాయి? నేను తినేది ఈ పొడే కదా. గసాలు లేంది నీ కూరకు ఆ చిక్కదనం యాడిది?"

"పుట్నాలపప్పుది."

నాయనకు అర్థం కాలేదు. అమ్మ తల వంచుకుని, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. ఆయన ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి ఆఫీసరును భోజనానికి తీసుకొచ్చాడు. ఆ పూట ఇంట్లో గసాలు అయిపోయాయి. చేతికందిన పుట్నాలపప్పు పొడి కొట్టి వేసింది. ఆఫీసరు ముందు ఆయన మొదటి ముద్ద తిని, గసాలు బాగా పడినాయి అన్నాడు. ఇంక ఆ తర్వాత గసాలు కొనలేదు.

"ఇన్నేండ్లూనా?"

"ఇన్నేండ్లూ."

వీధిలో నూరక్క ఇంకా సీసా పట్టుకుని నిలబడే ఉంది. నాయన ముఖంలో అప్పుడు కనిపించింది కోపం కాదు. బిల్లు ఒకటి చెప్పి, బస్తా ఇంకొకటి చూపినప్పుడు కనిపించే ముఖం అది. ఆయన గొంతు తగ్గించి, "బిడ్డకు పొడి పంపాలని ఇప్పుడు అబద్ధం చెప్తా ఉండావా, అప్పుడు చెప్పినావా?" అని అడిగాడు.

"అప్పుడు" అంది అమ్మ. "అప్పుడు చెప్పినదానికి ఎవురికీ ఏమీ కాలే. ఇప్పుడు చెప్తే నా బిడ్డ జైల్లో కూసుంటాది. శెట్టిని అడగండి పొండి, మనింటికి గసాలు పోయి ఎన్నేండ్లయిందో."

నాయన కండువా భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగాడు. నూరక్క పక్కకు తప్పుకుంది. ఆయన రోడ్డు దాకా వెళ్ళి, అంగడి వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ బెంచీ మీద ఎప్పటిలా నలుగురు కూర్చుని ఉన్నారు. ఏమని అడగాలి? అడిగితే ఆ సాయంత్రానికల్లా వడమాలపేట అంతా, చెక్‌పోస్టాయన పుట్నాలు తిని గసాలన్నాడని చెప్పుకుంటుంది. కాసేపటికి తిరిగొచ్చి, "ఎండ జాస్తిగా ఉండాది" అని చెప్పులు విప్పాడు. అంత అనుమానాన్నీ అంతకంటే పెద్దదైన మరొకటి ఆపగలదని నేను అప్పుడే తెలుసుకున్నాను.

డబ్బా మూత తీసి, వేలి కొనతో కొంచెం పొడి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన నాలుక ఏమీ చెప్పలేదని తెలుస్తూనే ఉంది. అంతకాలం తప్పు సాక్ష్యం చెప్పిన నాలుకను ఇంక ఏమని అడగాలి? అప్పుడు అక్క లేచి డబ్బా తీసుకుంది.

"నాయనా, పట్టుకుంటే లోపల కూసునేది నేను. నేను అమ్మ మాట నమ్ముతా."

"ఏ మాట? ఇన్నేండ్లు చెప్పిందా, ఇప్పుడు చెప్పేదా?"

"అమ్మ ఎప్పుడూ గసాలని అనలేదు నాయనా. ఆ మాట అనింది నువ్వే" అంది అక్క.

నాయన సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. డబ్బా మూత మీద ఆనించాడు. గీయలేదు. సుద్దముక్కను జేబులో వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. గీత లేకుండానే అక్క ఆ డబ్బాను చీరల మధ్య పెట్టి తాడు కట్టింది. నూరక్క నూనె కూడా పెట్టింది. ఈసారి ఎవరూ మూత తీయలేదు.

మద్రాసు విమానాశ్రయంలో అద్దాల తలుపు దాకా వెళ్ళాం. అక్కడినుంచి అక్క ఒక్కతే పోయింది. పెట్టెలు వెతికే పని ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. పెట్టె ఒక పక్క నుంచి లోపలికి పోయి ఇంకో పక్క నుంచి వస్తుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పొట్లం తెచ్చే బంధువులూ లేరు. తెచ్చినా మన పిల్లలు మొహమాటం లేకుండా వద్దంటారు, అది తప్పని ఎవరూ అనుకోరు. పద్ధతి ఇప్పటిదే మంచిదని నా లెక్క. కాకపోతే అప్పుడు ఎవరి మీద ఎంత అనుమానమున్నా, వాళ్ళ ఎదుటే కూర్చుని, వాళ్ళ ముఖం చూస్తూ అనుమానించేవాళ్ళం. అత్త అలిగి ఏడాది రాలేదు. కానీ రాకపోవడానికి కారణం ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

అక్క దగ్గర నుంచి కబురు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. అన్నాళ్ళూ నాయన సరిగా నిద్రపోలేదు. అమ్మ మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం చూసి ఆయనకు ఇంకా అనుమానం పెరిగింది. ఫోను చేస్తానని అక్క పోయేముందే చెప్పిన ఆదివారం ముగ్గురం పుత్తూరు వెళ్ళి ఎస్టీడీ బూత్ దగ్గర కూర్చున్నాం. ఫోను మోగగానే నాయన తీశాడు. అక్క గొంతు మాకూ సన్నగా వినిపించింది. దిగిన చోట ఒక ఆమె సూట్‌కేసు విప్పించిందట. పొడి డబ్బా మూత తీసి, వాసన చూసి, గట్టిగా తుమ్మి, ఇంకొకామెను పిలిచి చూపించిందట. ఆమె కొంచెం చేతిలో వేసుకుని, నలిపి, వెలుతురుకు పట్టి చూసి, ఏమీ లేదని మూత పెట్టి ఇచ్చేసిందట. "పొడి బాగుండాదని అమ్మకు చెప్పు" అంది అక్క. నాయన ఆ మాట అమ్మకు చెప్పలేదు, ఫోను ఆమె చేతికిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు పోయింది. పొద్దున్నే వండి పెట్టిన మాంసం కూర వేడి చేసి అమ్మ వడ్డించింది. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మేం వినాల్సిన మాట ఆ రోజు రాలేదు. ఆయన తల ఎత్తి అమ్మను చూశాడు. ఆ ఇంట్లో ఆమెను అట్లా చూడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకేమేమి మార్చినావు, ఇన్నేండ్లలో?"

అమ్మ ఇంకో గరిటె వేసింది.

"తినండి. చల్లారిపోతాది."

ఆ తర్వాత బతికిన ఏళ్ళన్నీ నాయన ప్రతి ముద్దనూ కాసేపు నాలుక మీద నిలిపి మింగేవాడు.